నొప్పి ఉన్నా బాధ తగ్గుద్ది: ఏళ్ళ తరబడి నొప్పులతో ఉన్నోళ్ళకి సెల్ఫ్ హిప్నాసిస్, మొదటి మెట్టు నుంచి

నా నడుంనొప్పికి ఈ వర్షాకాలంతో తొమ్మిదేళ్ళు నిండాయి. పాలకొల్లు నుంచి ఇంటికొస్తూ కాలవగట్టు మీద బురదలో బండి జారి పడ్డాను, ఆరోజు పెద్దగా ఏమీ అనిపించలా, మూడోరోజు పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయాను, అక్కణ్ణుంచి మొదలు. ఎమ్మారై తీశారు, డిస్కు పక్కకొచ్చి నరాన్ని నొక్కుతుందన్నారు, మందులు, బెల్టు, ఫిజియో, ఊళ్ళోవాళ్ళు చెప్పిన నూనెలు అన్నీ అయ్యాయి, కొంత తగ్గింది, మిగతాది ఉండిపోయింది. రైసుమిల్లులో లెక్కలు రాసే పని నాది, గంట కూర్చుంటే చాలు నడుంలో కాల్చిన ఊచ పెట్టినట్టు ఉండేది. నాలుగేళ్ళ కిందట విశాఖపట్నంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు గారు ఆరు సిట్టింగుల్లో నాకు సెల్ఫ్ హిప్నాసిస్ నేర్పారు. తర్వాత మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అమ్మకి నేను నేర్పాను. నేర్చుకునేటప్పుడు తెలుగులో సరైన వివరం ఎక్కడా దొరక్క చాలా ఇబ్బంది పడ్డాను కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. ఇది నొప్పిని తీసి పారేసే విద్య కాదు. తెలుగులో మనకి నొప్పి అని ఒక మాట, బాధ అని ఇంకో మాట ఉన్నాయి చూడండి, ఆ రెండూ నిజంగానే వేరు. 1997లో మాంట్రియల్‌లో పియర్ రెయిన్‌విల్ అనే ఆయన బృందం ఒక ప్రయోగం చేసింది. మనుషుల్ని హిప్నాసిస్‌లోకి పంపి వాళ్ళ చేతిని నొప్పెట్టేంత వేడినీళ్ళలో పెట్టించి, "ఇది అంత ఇబ్బందిగా లేదు" అని సూచనలిచ్చి అదే టైములో మెదడు స్కాన్ తీశారు. నీళ్ళ వేడి అంతే, చర్మం నుంచి వచ్చే కబురు అందుకునే భాగం పనిచేయడంలో పెద్ద తేడా లేదు, కానీ "అమ్మో భరించలేను" అనిపించే పనిలో పాలుపంచుకునే ఇంకో భాగం, యాంటీరియర్ సింగులేట్ కార్టెక్స్ అంటారు, అందులో మాత్రం తేడా వచ్చింది. అంటే నొప్పి ఉన్నచోటే ఉంది, బాధ మారింది. నాకు సైకాలజిస్టు గారు ఇది చెప్పినరోజు, తొమ్మిదేళ్ళలో అయిదేళ్ళు నేను తప్పు దానితో కుస్తీ పట్టానని అర్థమైంది.

హిప్నాటిజం అనగానే స్టేజి మీద మనిషిని పడుకోబెట్టి నిమ్మకాయ ఇచ్చి ఆపిల్ అనిపించడం గుర్తొస్తది, లేకపోతే వశీకరణం, పూనకం అనుకుంటారు. అవేం కాదు. మనసు ఒక్క విషయం మీద గట్టిగా నిలిచిపోయి మిగతావన్నీ వెనక్కి వెళ్ళిపోయే స్థితి, అంతే. కనుమరోజు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు అగ్రహారం ప్రభని, అంటే వెదుళ్ళతో కట్టి దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసేదాన్ని, కౌశిక కాలవ దాటించడం చూసే ఉంటారు, అంత బరువు ఎత్తుకుని పీకల్లోతు నీళ్ళలో దిగినోళ్ళకి భుజం ఒరుసుకుపోయిన సంగతి ఇంటికొచ్చి నీళ్ళు పోసుకుంటే గానీ తెలీదు. అది వాళ్ళకి తెలియకుండా జరుగుద్ది, మనం కావాలని కుర్చీలో కూర్చుని చేస్తాం. మాటలన్నీ వినపడతాయి, కరెంటు పోయినా పిల్లాడు ఏడ్చినా లేచి వెళ్ళొచ్చు, ఇష్టంలేని పని ఎవరూ చేయించలేరు.

ఇది కొత్తదీ కాదు. 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డైల్ అనే స్కాట్లండ్ డాక్టరు, మత్తుమందులు ఇంకా రాకముందు, అప్పట్లో మెస్మరిజం అనేవారు, దాంతోనే ఆపరేషన్లు చేశాడు. అందులో చాలా మటుకు వరిబీజం, బోదవ్యాధితో పెద్దగా పెరిగిన కణితులు. బోదకాలు, వరిబీజం అంటే మన గోదావరి జిల్లాల్లో తెలియని ఊరుందా, అందుకే ఆ సంగతి చదివినప్పుడు నాకు దూరపు కథలా అనిపించలేదు. మరుసటేడే ఈథరు అనే మత్తుమందు వచ్చేసింది, తర్వాత క్లోరోఫారం, ఇది మూలపడింది. మళ్ళీ 1955లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1958లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని వైద్యంలో వాడొచ్చని ఒప్పుకున్నాయి.

ఇంక విషయంలోకి వద్దాం.

మొదటి మెట్టు: డాక్టరు చూశాకే

మూడునెలలు దాటి ఉండే నొప్పిని క్రానిక్ పెయిన్ అంటారు. ఇది అలాంటి నొప్పికి, అదీ కారణం ఏంటో డాక్టరు చూసి చెప్పాక. కొత్తగా వచ్చిన నొప్పిని దీంతో అణచకండి, దయచేసి. నడుంనొప్పితోపాటు ఒంటికి రెంటికి అదుపు తప్పడం, కూర్చునేచోట స్పర్శ తెలియకపోవడం, కాలు బలం తగ్గడం ఉంటే ఆరోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, ఊరికే బరువు తగ్గిపోవడం, పాత క్యాన్సరు, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, ఛాతీలో నొప్పి, ఇవి ఉన్నా అంతే. చెవుల్లో మాటలు వినపడటం లాంటి మానసిక జబ్బు ఉన్నోళ్ళు, మూర్ఛ ఉన్నోళ్ళు, గతంలో పెద్ద భయంకరమైన సంఘటన జరిగి కళ్ళు మూసుకుంటే అదే కనపడేవాళ్ళు ఒంటరిగా చేయొద్దు, వాళ్ళ డాక్టరుతో మాట్లాడాక నేర్చిన మనిషి పక్కనుంటే చేయొచ్చు.

మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్ లాంటివి ఒక్కసారి ఆపేస్తే వేరే గొడవలొస్తాయి. తగ్గించాలంటే రాసిన డాక్టరే మెల్లమెల్లగా తగ్గిస్తారు.

రెండో మెట్టు: మీ నొప్పికి పేరు

అందరూ తేలిగ్గా దాటేసే మెట్టు ఇది, నన్నడిగితే సగం పని ఇక్కడే ఉంది. ఒక నోటుబుక్కు తీసుకుని మీ నొప్పి ఎలా ఉంటదో మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో రాయండి. డాక్టరు దగ్గర చెప్పే పెయిన్, సివియర్ పెయిన్ కాదు. పోటా, సలుపా, మంటా, తిమ్మిరా, పీకుడా, గుంజుడా, జివ్వుమంటదా, కలుక్కుమంటదా, సూదులు గుచ్చినట్టా, చీమలు పాకినట్టా. ఎంత పెద్దది, నిమ్మకాయంతా, కొబ్బరికాయంతా, రంగేంటి, వేడా చలవా, కదులుద్దా ఒకేచోట ఉంటదా. పిచ్చి ప్రశ్నల్లా అనిపిస్తాయి, కానీ తర్వాత మనసుకి ఇచ్చే సూచన దీన్లోంచే పుడుతుంది.

మా అమ్మని అడిగితే మొదట "నొప్పేరా, నొప్పికి ఇంకేం పేరుంటాది" అంది. కాసేపాగి, చేతిలో లేసు అల్లిక పక్కన పెట్టి, "తడిబట్ట పిండినట్టు ఉంటాదిరా నాన్నా, లోపల్నుంచి ఎవరో మెలిపెట్టి పిండేత్తన్నట్టు" అంది. నేను ఇంకేం రాయాల్సిన పని లేకపోయింది. అమ్మకి సూచన ఏంటంటే, పిండే చేతులు వదులయ్యాయి, మెలిక విడిపోయింది, బట్టని దులిపి దొడ్లో దండెం మీద ఆరేసింది, గాలికి ఆరుతుంది, తేలికైపోతుంది. ఊళ్ళో లేసు అల్లే వేరే ఆవిడకి ఇదే చెప్తే పనిచేయలేదు, ఎందుకంటే ఆవిడకి మెడనొప్పి సూదిపోటు, బట్ట కాదు. అందుకే నెట్‌లో ఇంకోళ్ళ ఆడియోలు విన్నా కొంతే ఉపయోగం, మీ మాట మీరు వెతుక్కోవాలి.

అదే పుస్తకంలో రోజూ రెండు నంబర్లు రాయాలి, సున్నా నుంచి పది వరకు. ఒకటి నొప్పి ఎంత, రెండోది బాధ ఎంత, అంటే అది మిమ్మల్ని ఎంత సతాయించింది, పని ఎంత చెడగొట్టింది. మొదటివారం రెండూ ఒకటే ఉంటాయి, నాకూ 7, 7 అనే ఉండేది. విడిగా రాయడం మానకండి.

మూడో మెట్టు: చోటు, టైము

కుర్చీ మంచిది, మంచం మీదైతే నిద్రపోతారు. నిద్రపోయినా నష్టమేం లేదు, నేర్చుకోవడం మాత్రం జరగదు. అన్నం తిన్న వెంటనే వద్దు. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం దీపాలవేళకి ముందు ఒకసారి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఫోను సైలెంటులో పెట్టండి. మన ఊళ్ళల్లో పూర్తి నిశ్శబ్దం దొరకదు, గుళ్ళో మైకు, చెరువుల దగ్గర ఏరియేటర్ల మోత, మిల్లు శబ్దం ఏదోటి ఉంటది. దాంతో పోట్లాడొద్దు, "ఈ మోత వినపడిన కొద్దీ నేను ఇంకొంచెం లోపలికి వెళ్తున్నాను" అని దాన్నే వాడుకోండి. బండి నడుపుతూ, పొయ్యి దగ్గర, మెషిన్ల దగ్గర ఎప్పుడూ చేయొద్దు, రికార్డింగు కూడా వినొద్దు.

నాలుగో మెట్టు: లోపలికి దిగడం

తల ఎత్తకుండా కళ్ళు మాత్రం పైకెత్తి, ఎదురుగోడ పైన ఒక చుక్కనో మేకునో చూస్తూ ఉండండి. ఊపిరి మామూలుగా తీసుకుని, వదిలేటప్పుడు ఎక్కువసేపు వదలండి, లోపలికి నాలుగు లెక్కపెడితే బయటికి ఆరు. నాలుగైదు ఊపిర్లకి రెప్పలు బరువెక్కుతాయి, అప్పుడు మూసేయండి. దవడ వదులు, భుజాలు వదులు, చేతులు ఒళ్ళో ఉన్నచోటే బరువుగా.

ఇప్పుడు రేవు మెట్లు. మీ ఊరి కాలవరేవో గోదారిరేవో, మీరు చిన్నప్పటి నుంచి దిగిన రేవే కావాలి. పది మెట్లు, ఒక్కో ఊపిరి వదులుతూ ఒక్కో మెట్టు. నేనెలా దిగుతానో చెప్తాను. పదో మెట్టు ఎండకి వెచ్చగా ఉంటది అరికాలికి. తొమ్మిది, ఎనిమిది దగ్గర రాతి మీద ఎవరో బట్టలుతికిన సబ్బు జారుడు. ఏడు, రావిచెట్టు నీడ మొదలు. అయిదో మెట్టు దగ్గర రాయి చల్లబడుద్ది, పక్కన బిందె రాపిడికి గుంటపడిన చోటుంది. మూడో మెట్టుకి పాచి, మెత్తగా. రెండోదానికి నీళ్ళు తగులుతాయి, చీలమండ దాకా. ఒకటి, కూర్చున్నాను, మోకాళ్ళ దాకా నీళ్ళు, పారే నీళ్ళు కాబట్టి కాలి వేళ్ళ మధ్య నుంచి వెళ్ళడం తెలుస్తది. చిన్న చేపపిల్లలు వచ్చి పొడుస్తాయి. ఎంత వివరంగా చూస్తే అంత లోపలికి వెళ్తారు, "నేను హిప్నాసిస్‌లోకి వెళ్తున్నాను" అని వందసార్లు అనుకున్నా రానిది ఆ రాయి చల్లదనం ఒక్కటి వస్తే వస్తది. నీళ్ళంటే భయం ఉన్నోళ్ళు, గోదారిలో ఎవర్నైనా పోగొట్టుకున్నోళ్ళు రేవు వద్దు, మేడమెట్లో కొబ్బరితోటలో నడకో పెట్టుకోండి.

అయిదో మెట్టు: నొప్పి మీద పని

మూడు పద్ధతులు చెప్తాను, వారానికి ఒకటి చూసి మీకు పట్టుబడిందే ఉంచుకోండి.

మొదటిది చల్లచెయ్యి. కుడిచెయ్యి ఆ నీళ్ళలో పెట్టినట్టు ఊహించండి, ధనుర్మాసంలో తెల్లారగట్ట నీళ్ళు. వేళ్ళ కొసలు చల్లబడ్డాయి, మొద్దుబారుతున్నాయి, అరచెయ్యి చేతితొడుగు వేసినట్టు అయిపోయింది. రెండుమూడు నిమిషాలు పడుద్ది. అప్పుడు నిజంగానే చెయ్యి ఎత్తి నొప్పి ఉన్నచోట పెట్టి ఆ చల్లదనం అందులోకి దిగుతుందని అనుకోండి. పాతకాలం నుంచి డాక్టర్లు వాడే పద్ధతే ఇది. షుగరు వల్ల కాళ్ళు మంటలున్నోళ్ళు పాదాలకి మొద్దుబారుడు సూచన ఇవ్వొద్దు, అసలే స్పర్శ తక్కువ, దెబ్బ తగిలినా తెలీదు. వాళ్ళు చల్లదనం, హాయి మాత్రమే పెట్టుకుని, రోజూ పాదాలు చూసుకోవడం మానకూడదు.

రెండోది నాది, లాకులు. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు గేట్ కంట్రోల్ అనే సిద్ధాంతం చెప్పారు, వెన్నులో ఒక తలుపులాంటిది ఉంటదని, నరాల నుంచి వచ్చే నొప్పి కబుర్లని అది ఎక్కువ తక్కువ చేస్తదని, మెదడు కూడా పైనుంచి ఆ తలుపు మీద పెత్తనం చేస్తదని. వాళ్ళు గేటు అన్నారు, ధవళేశ్వరం కింద పుట్టినోళ్ళం మనకి అది చెప్పాలా. ఆనకట్ట దగ్గర నుంచి మన చేను బోదె దాకా అన్నీ తలుపులే. నడుం దగ్గర ఒక లాకు ఊహించుకుంటాను, వెనక ఎర్రటి వేడినీళ్ళు. చేతిలో ఇనప చక్రం, గ్రీజు వాసన, తిప్పితే కిర్రుమంటది. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక చుట్టు, షట్టరు ఒక జానెడు దిగుద్ది, కింద పారేది సన్నబడుద్ది. పూర్తిగా మూయను, మూసేద్దామని చూసిన రోజుల్లో మొత్తం పాడయ్యేది. ఏడులో ఉన్నది అయిదుకి వస్తే చాలు అనుకుంటాను. ఎక్కువయ్యేలా కూడా ఒకసారి తిప్పి చూడండి, అరచుట్టు. ఎక్కువ చేయగలిగితే తక్కువా చేయగలరని మనసుకి నమ్మకం కుదురుద్ది.

మూడోది పైన అమ్మకి చేసినట్టు, మీ నొప్పి పోలికనే మార్చడం. మెలికైతే విప్పడం, మూటైతే దించడం, మంటైతే నివురు కప్పడం, సూదులైతే ఒక్కోటి తీసి డబ్బాలో వేయడం.

ఏది చేసినా మాటలు ఎలా వాడతామో జాగ్రత్త. "నొప్పి లేదు, నొప్పి లేదు" అనుకుంటే మనసు నొప్పి దగ్గరే కూర్చుంటది. "చల్లగా ఉంది, వదులవుతుంది, తేలికైంది, ఉన్నా నన్నేం చేయట్లేదు" ఇలా ఉండాలి. చివరి మాట నాకు అన్నిటికంటే పనిచేసింది.

ఆరో మెట్టు: గుర్తు, తర్వాత బయటికి

హాయిగా ఉన్నప్పుడు బొటనవేలు చూపుడువేలు కలిపి ఒక పెద్ద ఊపిరి వదిలి, "ఇలా వేళ్ళు కలిపినప్పుడల్లా ఈ చల్లదనం వస్తది" అని మూడుసార్లు చెప్పుకోండి. రెండువారాలకి ఇది పట్టుబడుద్ది, ఆర్టీసీ బస్సులో గుంతల రోడ్డు మీద, మిల్లులో లెక్కల మధ్య, ఎవరికీ తెలియకుండా ఒక్క నిమిషంలో చేసుకోవచ్చు. తర్వాత అవే మెట్లు ఒకటి నుంచి పది వరకు ఎక్కి రండి, చేతులకి కాళ్ళకి మామూలు బరువు, మామూలు స్పర్శ వచ్చేసిందని చెప్పుకుని కళ్ళు తెరవండి. గబుక్కున లేవకండి, నీళ్ళు తాగి లేవండి. ఒకరోజు మధ్యలో ఫోనొస్తే ఠక్కున లేచిపోయాను, గంటసేపు తలబరువుగా ఉంది.

ఇదంతా గుర్తుపెట్టుకుని చేయడం మొదట్లో కష్టం కాబట్టి మీ గొంతుతోనే ఫోనులో రికార్డు చేసుకోండి, మెల్లగా, వాక్యానికి వాక్యానికి మధ్య రెండు ఊపిర్ల ఖాళీతో. పెద్దవాళ్ళకైతే ఇంట్లో పిల్లలు చదవొచ్చు. అమ్మకి నేను "కళ్ళు మూసుకోండి, గాలి పీల్చండి" అని పుస్తకంలోలాగా రికార్డు చేస్తే "ఎవరో ఆఫీసరు మాట్లాడినట్టుందిరా" అంది. "అమ్మా, కళ్ళు మూసుకో, నెమ్మదిగా దిగు, నేనిక్కడే ఉన్నాను" అని మళ్ళీ చేశాను, అది పనిచేసింది.

ఎన్నాళ్ళు పడుద్ది, ఏవి చెడతాయి

నెల నుంచి రెండునెలలు రోజూ చేయాలి. సైకిలు నేర్చుకున్నట్టే, మొదటి వారం ఏమీ కాలేదని మానేస్తే ఏమీ కాదు. అందరికీ ఒకేలా రాదన్నది కూడా నిజం, నూటికి పది పదిహేను మంది చాలా లోతుకి వెళ్తారు, దాదాపు అంతేమందికి సరిగా కుదరదు, మిగతా అందరం మధ్యలో. నేనూ మధ్యలోనే. మధ్యలో ఉన్నోళ్ళకి కూడా ఉపయోగపడుద్ది. కుదరనివాళ్ళు తమ మనసు బలహీనం అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు, వాళ్ళకి వేరే దారులున్నాయి.

నేను చేసిన తప్పొకటి చెప్తాను. రెండోనెలలో బాధ బాగా తగ్గింది, ఆ ఊపులో దింపు అయ్యాక కొబ్బరికాయల బస్తాలు రెండు ఎత్తాను. నాలుగు రోజులు మంచం. నొప్పి ఇబ్బంది పెట్టట్లేదంటే డిస్కు బాగుపడిందని కాదు. తగ్గిన రోజున కూడా అరగంట పని, అయిదు నిమిషాలు నడక అనే లెక్క తప్పకూడదు, అలాగని భయంతో అసలు కదలకుండా కూర్చోవడం ఇంకా తప్పు. ఫిజియో వ్యాయామాలు హిప్నాసిస్ అయిన వెంటనే చేస్తే ఒళ్ళు వదులుగా ఉండి బాగా కుదురుతాయి.

డబ్బు సంగతి కూడా. విశాఖ వెళ్ళకముందు ఒకచోట మూడు సిట్టింగుల్లో నొప్పి శాశ్వతంగా పోద్దని చెప్పి పదిహేను వేలు తీసుకున్నారు, నా నొప్పి ఎలా ఉంటదో ఒక్కసారి కూడా అడగలేదు. శాశ్వతంగా అన్నా, మందులు పారేయమన్నా లేచి వచ్చేయండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషను ఉంటది, అడిగితే చూపించాలి. సైకియాట్రిస్టులు, పెయిన్ క్లినిక్ డాక్టర్లలో కూడా ఇది నేర్చినవాళ్ళు ఉంటారు. ఏళ్ళ తరబడి నొప్పితో మనసు విరిగిపోయి, బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తుంటే హిప్నాసిస్ పక్కన పెట్టి ముందు 14416కి ఫోను చేయండి, టెలీ మానస్ అని మనసు బాలేనోళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. నాకూ ఒక ఏడాది అలాంటి రాత్రులున్నాయి, అప్పుడు ఈ నంబరు లేదు.

పుస్తకంలో నా లెక్క ఇప్పుడు నొప్పి 5, బాధ 2 దగ్గర ఆడుతుంది. ముసురుపట్టిన రోజుల్లో రెండూ పెరుగుతాయి. అమ్మది మొదలుపెట్టినప్పుడు 8, 8. నొప్పి 6 కంటే తగ్గట్లేదు, బాధ మాత్రం 3కి వచ్చింది, మళ్ళీ సాయంత్రాలు అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుంది. రికార్డింగు పెట్టనా అమ్మా అంటే, "ఎందుకురా, ఇందాకే ఆరేసేసాను" అంటది.